టైలరు గారి కారూ, మిగిలిన నట్లూ

టైలరు గారికి జీవితంలో ఒకే ఒక్క గర్వం ఉండేది. ఇచ్చిన గుడ్డలో చొక్కా కుట్టడం కాదు, అది ఎవరైనా కుడతారు. కుట్టేశాక అరచేయంత ముక్క మిగిల్చి, దాన్ని చక్కగా మడతపెట్టి, చొక్కాతోపాటు తెచ్చినాయన చేతిలో పెట్టడం. పని నేర్పిన మేనమామ మొదటిరోజే కత్తెర చేతికిస్తూ, ఏమీ మిగలలేదంటే నీకు కత్తిరించడం రానట్టేరా అన్నాడట. ఆ మాట ఆయన బుర్రలో ఎంత గట్టిగా నాటుకుందంటే, పసిపిల్లవాడి లాగు కుట్టినా, భారీ మనిషికి కోటు కుట్టినా, ఏదో ఒకటి మిగిల్చేదాకా ఆయనకు అన్నం సయించేది కాదు. గుడ్డల విషయంలో ఇది మంచి అలవాటే. చిక్కల్లా ఆయన కారు కొన్నాక వచ్చింది.

కారంటే కొత్తదేం కాదు. ఇద్దరు ముగ్గురి చేతులు మారి, ఆఖరి చేయి విసుగెత్తి వదిలించుకున్న నీలం రంగు కారు. దాన్ని ఆయన భార్య కోసం కొన్నాడు. పాపం ఆవిడ సముద్రం చూడలేదు. సముద్రమేమో ఆ ఊరికి మరీ దూరం కాదు, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరిపోవచ్చు. పెళ్లయిన కొత్తలో "వచ్చే ఆదివారం తీసుకెళ్తా" అన్నాడు. కొట్టుకు జనం వచ్చేది ఆదివారమే. కొలతలు ఇచ్చేవాళ్లూ, బిగుతైందని తెచ్చేవాళ్లూ, వదులైందని తెచ్చేవాళ్లూ. ఇద్దరి జుట్టూ తెల్లబడింది గానీ ఆ వచ్చే ఆదివారం మాత్రం రాలేదు. బస్సులో వెళ్లొచ్చు కదా అని చాలామంది అన్నారు. ఆయనకు బస్సు వద్దు. ఆవిడ ముందు సీట్లో పక్కన కూర్చోవాలి, అద్దం దించుకోవాలి, గాలి రావాలి, అదిగో సముద్రం అని తను వేలు పెట్టి చూపించాలి. ఇన్నేళ్లూ మాట తప్పినందుకు అంతకన్నా తక్కువలో తీరదని ఆయన లెక్క.

కొన్న రోజే ముందు సీటు కిర్రుమన్నది. వీధి మూల మీద మెకానిక్కు షెడ్డు ఉంది. కానీ ఊరందరి చొక్కాలకూ గుండీలు కుట్టే మనిషి తన చొక్కా గుండీ ఇంకొకడి చేత కుట్టించుకుంటాడా? ఆయనే సీటు విప్పాడు, కింద పట్టాలకు నూనె రాశాడు, మళ్లీ పెట్టేశాడు. నాలుగు బోల్టులు మిగిలాయి. టైలరు గారి ఛాతీ ఉప్పొంగింది. మొదటిసారి చేయి పెడితేనే నాలుగు మిగిలాయంటే, కారు కత్తిరించినవాడెవడో గానీ సామాను దుబారా చేశాడనుకున్నాడు. బోల్టులు తుడిచి, గుడ్డముక్కలో చుట్టి, ఇంట్లో సొరుగులో దాచాడు. ఆ సాయంత్రమే భార్యను ఎక్కించుకుని వీధి చివరిదాకా బయల్దేరాడు.

దారిపొడుగునా సముద్రం గురించే చెబుతున్నాడు. అలలు ఎలా వస్తాయో, ఇసుక ఎలా ఉంటుందో. ఆవిడ ఊకొట్టడం కొంచెం దూరం నుంచి వినబడుతోందని మలుపు దగ్గర గాని గమనించలేదు. తిరిగి చూస్తే పక్కన సీటు లేదు. అది వెల్లకిలా పడిపోయి వెనక సీట్లోకి చేరింది. దాంతోపాటు ఆవిడ కూడా, కారు కప్పు వైపు చూస్తూ, చేతిసంచి గుండెల మీద పెట్టుకుని ఉంది.

ఆవిడ అరవలేదు. నెమ్మదిగా దిగి, చీర సర్దుకుని, ఇంటిదాకా నడిచింది. ఆయన కారు మెల్లగా పక్కనే నడుపుతూ బతిమాలాడు. గుమ్మం దగ్గర ఆవిడ ఆగింది.

"ఏమీ మిగలకుండా బిగించిన రోజున ఎక్కుతా," అంది. "అప్పటిదాకా అడక్కండి."

ఏమీ మిగలకుండా. మనిషికి ఊపిరి పీల్చకుండా బతకమని చెప్పినట్టే ఉంది. కానీ ఆవిడ ఒక మాట అంటే అన్నట్టే.

ఆ రోజు నుంచి టైలరు గారు ఆదివారాలు కొట్టు మూసేశాడు. ఊళ్లో వాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ముప్పై ఏళ్లలో ఎండకూ వానకూ మూయని కొట్టది. పొద్దున్నే టీ తాగి, పాత అట్టపెట్టె విప్పదీసి కారు కింద పరిచేవాడు. చక్రాలు దొర్లకుండా పాత ఇస్త్రీ పెట్టెలు అడ్డం పెట్టేవాడు, ఎత్తిన కారును జాకీ ఒక్కదాని మీద నమ్మకూడదని నాలుగు మూలలా దిట్టమైన దిమ్మలు పెట్టేవాడు. ఆ జాగ్రత్తలో మాత్రం వంక పెట్టడానికి లేదు. కుట్టుమిషను తొక్కేముందు చెప్పులు విడిచే అలవాటు కదా, ఇక్కడా చెప్పులు విడిచి, పక్కన వరసగా పెట్టి, వెల్లకిలా పడుకుని లోపలికి జరిగిపోయేవాడు. బయటికి రెండు పాదాలు మాత్రం కనిపించేవి. ఆవిడ చిక్కుడుకాయల పళ్లెం తెచ్చుకుని మెట్టు మీద కూర్చుని ఈనెలు తీస్తూ ఏదో మాట్లాడుతూ ఉండేది. లోపలి నుంచి ఆయన ఊ అనేవాడు.

కారు నడవలేదని ఎవరూ అపార్థం చేసుకోకూడదు. భేషుగ్గా నడిచేది. కాకపోతే హారన్ నొక్కితే వైపర్లు కదిలేవి. వైపర్ల మీట నొక్కితే డిక్కీ తెరుచుకునేది. హారన్ మోగాలంటే ఎడమవైపు తలుపు గట్టిగా వేయాలి. అందుకని ఎదురుగా ఎవరైనా అడ్డం వస్తే ఆయన కారు ఆపి, దిగి, చుట్టూ తిరిగి వెళ్లి, ఎడమ తలుపు తీసి ధడాలున వేసి వచ్చేవాడు. అప్పటికి అడ్డం వచ్చినవాళ్లు వాళ్లంతట వాళ్లే వెళ్లిపోయి ఉండేవాళ్లు. తన హారన్ అంత బాగా పనిచేసే హారన్ వీధిలో ఇంకొకటి లేదని ఆయన నమ్మకం.

ఒక మనిషి ప్రతి ఆదివారం కారు కింద కనిపిస్తే జనం ఆయనకు అంతా తెలుసనుకుంటారు. లోకం తీరే అంత. పక్కింట్లో మందుల షాపాయన ఉన్నాడు, ఆయన కారు పొద్దున పూట టకటకమని ఊరుకునేది, స్టార్టయ్యేది కాదు. టైలరు గారు మూత ఎత్తి చూసి, బ్యాటరీ కొనల మీద పట్టిన తెల్లటి పొడి చూపించాడు. వేడినీళ్లలో సోడా ఉప్పు కలిపి, పాత పళ్ల బ్రష్షుతో తోమి, ఆరబెట్టి బిగించమన్నాడు. నెగటివ్ తీగ ముందు విప్పాలి, బిగించేటప్పుడు దాన్ని ఆఖర్న బిగించాలి, పైకోటు లాగన్నమాట, ఆఖర్న తొడుక్కున్నదే ముందు విప్పుతాం కదా అన్నాడు. కారు వెంటనే స్టార్టయింది. దాంతో టైలరు గారి పేరు వీధి దాటింది. వెనక గొట్టం లోంచి నీలం పొగ వస్తే ఇంజను నూనె తాగుతోందనీ, తెల్ల పొగ ఆగకుండా వస్తే నీళ్లు తాగుతోందనీ, నల్ల పొగ వస్తే పెట్రోలు తెగ తాగుతోందనీ, ఏం తాగినా పొగ మాత్రం మన మొహానికేననీ అందరికీ చెప్పేవాడు. చెప్పినంతవరకు అన్నీ సరైన మాటలే. చేయి పెట్టనంతవరకు ఆయనంత మెకానిక్కు లేడు.

మందుల షాపాయనకు ఆశ పుట్టి, రేడియేటరు గొట్టం కూడా చూడమన్నాడు. టైలరు గారు చూశాడు. సాయంత్రం కారుతోపాటు చిన్న పొట్లం చేతిలో పెట్టి, మీ సామానులో మిగిలిందండీ, దాచుకోండి అన్నాడు. పొట్లంలో రెండు క్లిప్పులున్నాయి. షాపాయన మర్యాదస్తుడు, చేతులు జోడించి మరీ తీసుకున్నాడు. మర్నాడు సంత దగ్గర కారు నెత్తిన ఆవిరి మేఘం కట్టింది. అప్పుడు కూడా ఆయన మన టైలరు గారికే ఫోను చేశాడు. వేడి మీద మూత తీయకండి, ముఖం కాలిపోతుంది, ఇంజను ఆపేసి చల్లారేదాకా నీడలో నిలబడండి అని ఆయన మంచి సలహా చెప్పాడు. షాపాయన నీడలో నిలబడి చేతిలోని పొట్లం వైపు చాలాసేపు చూశాడట.

ఇక అసలు సంగతి. భార్య పెట్టిన షరతు ఉందే, అది టైలరు గారికి మూడు చెరువుల నీళ్లు తాగించింది. ఈసారి ఆయన అలవాటునే పక్కన పెట్టాడు. సొరుగులో దాచిన బోల్టులన్నీ తెచ్చి, ఎక్కడివి అక్కడ పెట్టాడు, ఎక్కడివో తెలియని ఒకటి రెండు మాత్రం ఎక్కడ సందు ఉంటే అక్కడ పెట్టాడు. తర్వాత వరండాలో తెల్ల దుప్పటి పరిచి, విప్పిన ప్రతి సామానూ దాని మీద పెట్టి, చుట్టూ సుద్దతో గీత గీశాడు, నమూనా గీసినట్టు. ఏ గీతలోది ఆ గీతలోంచి తీసుకుని బిగిస్తే దుప్పటి ఖాళీ అయిపోవాలి. ఎలా మిగులుతుంది?

మిగిలింది. ఆదివారం సాయంత్రం చేయి కడుక్కుని వచ్చి చూస్తే దుప్పటి మధ్యలో ఒక స్క్రూ కూర్చుని ఉంది. దాని చుట్టూ గీత కూడా లేదు. ఆవిడ చూసి నిట్టూర్చింది. పై ఆదివారం ఒక ఇనుప రింగు మిగిలింది. ఆ పైది ఒక నల్లటి బుడిపె. ఆయన తల బాదుకున్నాడు. అన్నీ మళ్లీ విప్పి, మళ్లీ బిగించాడు. అయినా వారం వారం మరలూ, స్క్రూలూ మిగులుతూనే ఉన్నాయి, సొరుగులో చేరుతూనే ఉన్నాయి.

అదే సమయంలో ఇల్లు కూడా ఆయన మీద కక్ష కట్టింది. ముందు గదిలో కర్టెను ఒక పక్కకు జారిపోయింది. కుక్కరు పిడి చేతికి ఊడి వచ్చింది. స్టవ్వు మంట పెంచడానికి బుడిపె లేక పట్టకారు వాడాల్సి వచ్చింది. ఆయన కూర్చునే కుర్చీ ఒక వైపుకు ఒరిగేది. అద్దాల బీరువా తలుపు తీస్తే తలుపు చేతికి వచ్చేసేది. ఇవన్నీ చూసి ఆయన విసుక్కునేవాడు, కారు పనయ్యాక చూస్తానని వాయిదా వేసేవాడు. ఒరిగిన కుర్చీలో ఒరిగి కూర్చుని, మిగిలిన సామానును అరచేతిలో పెట్టుకుని, ఇది కారులో ఎక్కడిదై ఉంటుందా అని గంటలు గంటలు ఆలోచించేవాడు. మన కళ్ల ముందు ఉన్నదే మనకు కనపడదు, ఆయన్ని అని లాభం లేదు.

ఆఖరికి ఆయనకు ఒక సిద్ధాంతం తట్టింది. కారుకు కొత్త సామాను పుడుతోంది. రాత్రుళ్లు చల్లగా ఉంటుంది కదా, ఇనుము మీద ఇనుము ఆనుకుని ఉంటుంది కదా అని మందుల షాపాయనకు వివరించాడు. షాపాయన ఖండించలేదు. మందుల్లో తను కూడా వింతలు చూశానన్నాడు. సిగ్గు విడిచి మూల మీద మెకానిక్కు దగ్గరకు కూడా వెళ్లాడు టైలరు గారు. అతను ఆ నల్ల బుడిపెను అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, మా దగ్గరా అప్పుడప్పుడు మిగులుతాయి గానీ, ఇంత పోపు వాసన వచ్చేది ఎప్పుడూ మిగల్లేదు సార్ అన్నాడు. మీ కారు ఎక్కడి తయారీ అని కూడా అడిగాడు.

టైలరు గారు ఓటమి ఒప్పుకునే మనిషి కాదు. మిగిలితే మిగిలింది, కనీసం ఆవిడ సీటన్నా మెత్తగా ఉంటే మనసు కరుగుతుందేమోనని ఒక మెత్త కుట్టడానికి కూర్చున్నాడు. మంచి నీలం గుడ్డ తీశాడు. ఆవిడ కూరలకు బజారు వెళ్లింది. ఇంట్లో పాత కుట్టుమిషను ఉంది, మేనమామ ఇచ్చింది, ఆయన చేతులు పెరిగింది దాని మీదే. రెండు కుట్లు పడ్డాయో లేదో గుడ్డను పట్టి ఉంచే పాదం జారి ఆయన ఒళ్లో పడింది. చూస్తే దాన్ని బిగించే స్క్రూ లేదు.

ఆయన ఆ ఖాళీ రంధ్రాన్ని వేలితో తడిమి చూశాడు. తర్వాత లేచి, సొరుగు తీసి, పోయిన ఆదివారం కారులో మిగిలిన స్క్రూ తెచ్చి పెట్టాడు. రెండు తిప్పులు తిప్పగానే బిగుసుకుంది. కొలిచి కత్తిరించినట్టు సరిపోయింది.

సొరుగు మొత్తం ఊడదీసి చంకన పెట్టుకుని ఇల్లంతా తిరిగాడు. రింగు కర్టెనుకు సరిపోయింది. బుడిపె స్టవ్వుకు సరిపోయింది. ఒక మర కుక్కరు పిడికి, ఒకటి కుర్చీ కాలికి, రెండు బీరువా తలుపుకు. ఏదీ మిగల్లేదు. ఇన్ని నెలల్లో కారుకు రాని ఆ అదృష్టం ఇంటికి పట్టింది. నిటారుగా నిలబడ్డ కుర్చీలో నిటారుగా కూర్చుని ఆయన లెక్క వేసుకున్నాడు. ఆవిడ తనతో రావడం ఇష్టం లేక ఇదంతా చేసిందని అర్థమైంది ఆయనకు. సముద్రం వద్దనుకోలేదు, తనే వద్దనుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆవిడ వచ్చింది. సంచి కింద పెట్టి కర్టెను వైపు చూసింది. వంటింట్లోకి వెళ్లి స్టవ్వు చూసింది. కుక్కరు పిడి పట్టుకుని కదిపింది, అది కదల్లేదు. వచ్చి ఎదురుగా గుమ్మం మెట్టు మీద కూర్చుంది.

"నాతో రావడం ఇష్టం లేకపోతే ఒక్క మాట చెప్తే పోయేది కదే," అన్నాడాయన. "ఇల్లంతా ఊడదీయడం ఎందుకు?"

"ఇష్టం లేదని ఎవరన్నారు?"

"మరి?"

ఆవిడ చీర అంచు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "పెళ్లయిన దగ్గర్నుంచీ నేను చూసింది మీ వీపే. పొద్దున లేస్తే మిషను మీద వీపు, రాత్రి అన్నం ముందు నిద్రపోతున్న తల. ఈ కారు వచ్చాక మీరు ఆదివారాలు ఇంట్లో ఉన్నారు. కింద పడుకుంటారు, పాదాలు ఇటు ఉంటాయి. నేను మాట్లాడితే వింటాయి. నచ్చితే కుడి బొటనవేలు ఆడుతుంది. విసుగొస్తే ఎడమ కాలు కుడి కాలిని గీరుతుంది. ఈ పచ్చ గోడలు నాకు మొదటి నుంచీ నచ్చవని మీకు తెలుసా? మీ పాదాలకు తెలుసు. చిన్నప్పుడు పరుగుపందెంలో మొదట వచ్చి, ప్రైజు తీసుకోవడానికి సిగ్గుపడి ఇంటికి పారిపోయానని వాటికి తెలుసు. కారు బాగైతే ఒక్కరోజు సముద్రం చూపిస్తారు. ఆ పై ఆదివారం నుంచి మళ్లీ కొట్టు తీస్తారు. నాకు తెలియదా మీ సంగతి?"

టైలరు గారు తల ఎత్తాడు. గోడల వైపు చూశాడు. నిజంగానే పచ్చగా ఉన్నాయి. ఆయనకు ఇప్పటిదాకా అవి ఏ రంగో తెలియదు. సిగ్గుతో తల వంచుకున్నాడు, వంచుకుంటే తన పాదాలు కనిపించాయి. వాటి మీద ఆయనకు కాస్త అసూయ కూడా కలిగింది.

ఆ ఆదివారం ఇద్దరూ బయల్దేరారు. ఆవిడ నీలం మెత్త మీద కూర్చుంది, సీటును చేత్తో కదిపి చూసి మరీ కూర్చుంది. ఏమీ మిగల్లేదు, దుప్పటి ఖాళీ. అద్దం దించింది, గాలి వచ్చింది. ఆయన సముద్రం గురించి మొదలుపెట్టి, మాట మధ్యలో ఆపి, నువ్వు చెప్పు అన్నాడు. ఆవిడకు నోరు పెగల్లేదు. ముఖం పక్కన ముఖం ఉంటే మాట్లాడటం అలవాటు లేదు కదా. రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. ఆయనా రోడ్డు వైపే చూశాడు. ఆయనకు భయం వేసింది.

సగం దూరం వెళ్లాక కారు ఒక దగ్గు దగ్గి ఆగిపోయింది. ఎక్కడ సందు ఉంటే అక్కడ పెట్టిన బోల్టులు ఉన్నాయి కదా, వాటి పని అది. టైలరు గారు దిగి, చక్రాల కింద రాళ్లు పెట్టి, చెప్పులు విడిచి, వరసగా పెట్టి కిందకు జరిగాడు. ఆవిడ మెత్త తీసుకుని దిగి, రోడ్డు పక్క చెట్టు నీడలో ఆయన పాదాల దగ్గర వేసుకుని కూర్చుంది. దారిన పోయే లారీ అతను ఆపి, సాయం కావాలా అమ్మా అన్నాడు. వద్దు బాబూ, ఆయన చూసుకుంటున్నారు అంది. లారీ వెళ్లిపోయింది.

"అయితే ఆ ప్రైజు ఏమయిందో చెప్పలేదు కదూ," అంది పాదాలతో.

లోపల ఊడింది ఒక తీగ మాత్రమే. ఆయన దాన్ని ఎప్పుడో తగిలించేశాడు. కానీ ఆవిడ అప్పుడే ప్రైజు దగ్గరికి వచ్చింది, దాన్ని పక్కింటి పిల్ల కొట్టేయడం, ఆ పిల్ల తర్వాత స్నేహితురాలు కావడం, ఆ స్నేహితురాలికి సముద్రం పక్క ఊరిలో పెళ్లి కావడం, ఉత్తరాలు ఆగిపోవడం, ఇవన్నీ ఇంకా ఉన్నాయి. ఆయన వెల్లకిలా పడుకుని, పానాతో అప్పుడప్పుడు ఇనుము మీద చప్పుడు చేస్తూ విన్నాడు. కాసేపయ్యాక చేయి పైకి చాపి, ఎవరికీ అవసరం లేని ఒక చిన్న నట్టు విప్పి, కారు కింద నుంచి ఆవిడ వైపు దొర్లించాడు.

"ఏమేవ్," అన్నాడు, "ఒకటి మిగిలిందే."

ఆవిడ దాన్ని తీసుకుని, చేతిరుమాలులో కట్టి, సంచిలో వేసుకుంది. "పోనీలెండి, నిదానంగా చూడండి," అని మళ్లీ అందుకుంది. ఆయన కుడి బొటనవేలు ఆడింది.